రోడ్డెక్కకూడని స్ప్రింగులు

ఇంటి నుంచి,
గురువారం

వదినగారికి,

కుశల ప్రశ్నలు వేసే ఓపిక లేదు, ఏమీ అనుకోకండి. అనుకున్నా ఫరవాలేదు. ఫోను చేసి అడగొచ్చు. కానీ ఫోనులో మీరు మధ్యలో అడ్డం వస్తారు, వెనక గ్రైండరు మోత ఉంటుంది, చివరికి ఏ తప్పూ చేయని నేనే సారీ చెప్పి పెట్టేస్తాను. అందుకని రాస్తున్నాను. కాగితం మీద నన్ను ఆపేవాళ్ళు లేరు.

నిన్న పొద్దున బుజ్జిదాన్ని బడికి తీసుకెళ్తున్నాను. సన్నగా జల్లు పడుతోంది. నేను వేగంగా లేను. మార్కెట్ దాటాక వచ్చే మలుపులో ముందు బస్సు ఆగితే బ్రేకు నొక్కాను. కారు ముక్కు కిందికి కూలబడింది, వెనక భాగం తనకి నచ్చిన వైపు పోయింది, ఫుట్‌పాత్ రాయిని గుద్దుకుని ఆగింది. బెల్టు పెట్టినా బుజ్జిది ముందు సీటుకి మొహం కొట్టుకుంది. పెదవి చీలి కుట్లు పడ్డాయి. కుట్లు వేస్తున్నంతసేపూ అది ఏడవలేదు. నా వేలు మాత్రం పళ్ళతో పట్టుకుని వదల్లేదు.

ఈ కారు ఇలా ఉండేది కాదు. వారమంతా మమ్మల్ని బడికీ, నా కళ్ళద్దాల దుకాణానికీ తిప్పేది. ఆదివారం ఆయన దాన్ని పాత రన్‌వే మీదికి తీసుకెళ్ళి పందెం తోలేవారు. మీ స్ప్రింగుల షాపు నుంచి మీరు పంపిన పెట్టె వచ్చి, అందులో సామాను బిగించినప్పటి నుంచీ స్పీడ్ బ్రేకరు ఎక్కితే సుత్తితో కొట్టినట్టుంటుంది, మలుపు తిప్పితే పడవలో ఉన్నట్టుంటుంది. ఆయన్ని అడిగితే, "అక్క స్వయంగా ఏరి పంపింది, రోడ్డుకి ఏ ఢోకా లేదంది, కొన్నాళ్ళకి సర్దుకుంటాయి," అన్నారు. మీ మాట మీద నమ్మకంతోనే నోరు మూసుకున్నాను.

ఒక్కటి చెప్పండి. ఆ కారులో మీ మేనకోడలు కూర్చుంటుందని తెలిసే ఆ సామాను పంపారా?

ఇట్లు,
బుజ్జిదాని అమ్మ


షాపు నుంచి,
సోమవారం

మరదలికి,

బుజ్జిదానికి కుట్లు తీసేదాకా వేడివి, కారంగా ఉండేవి పెట్టకు. అది ముందు. ఇక మిగతా సంగతి.

నీ ఉత్తరం స్ప్రింగులు బిగించే బల్ల దగ్గర నిలబడి చదివాను. చదివాక చేతిలోని స్పానరు ఎటు విసిరానో నాకే తెలియదు, సాయంత్రం వెతుక్కోవలసి వచ్చింది.

ఈ షాపులో అడుగుపెట్టిన ప్రతివాణ్ణీ నేను మొదట అడిగేది ఒక్కటే: బండి రోడ్డెక్కుతుందా, లేదా? తమ్ముడు కదా అని వాణ్ణి వదల్లేదు. "లేదక్కా, ఇంటికి ఇంకో కారు కొన్నాం. ఇది ట్రైలర్ మీద రన్‌వేకి పోతుంది, ట్రైలర్ మీదే తిరిగొస్తుంది. దీని చక్రాలు ఇక రోడ్డుని చూడవు," అన్నాడు. నీకు డ్రైవింగ్ ఇబ్బందిగా ఉందని చిన్న కారు తీసుకున్నాడట కూడా.

వాడు చెప్పినదానికి తగ్గట్టే పంపాను. పచ్చదీపం పడగానే తిన్నగా దూకే బండికి ముక్కు లేవాలి, బరువంతా వెనక టైర్ల మీద కూర్చోవాలి. అందుకని ముందు మెత్తటి స్ప్రింగులు, తేలిగ్గా సాగే షాక్ అబ్జార్బర్లు ఇచ్చాను. ముందు చక్రాలు రెంటినీ కలిపి బండి పక్కకి ఒరగకుండా పట్టే కడ్డీని తీసేయమన్నాను. వెనక ఇరుసుని బాడీకి పట్టి ఉంచే ఆర్మ్‌లకి రబ్బరు బుష్‌లు లేకుండా గట్టి ఇనుప జాయింట్లు పెట్టాను. తిన్నని దారిలో అవి బంగారం. మలుపులో, తడి రోడ్డు మీద, బ్రేకు వేసినప్పుడు, ఒక్కొక్కటీ ఒక్కో గొయ్యి.

నీ మీద కూడా నాకు కోపంగా ఉంది. కళ్ళద్దం వెంట్రుకవాసి తేడా ఉంటే పట్టుకునేదానివి, కారు పడవలా ఊగుతుంటే పిల్లని ఎలా ఎక్కించావు? "వదిన చెప్పిందట" అని ఊరుకోవడానికి నీకు నోరు లేదా? ఆ రోజే ఎందుకు అడగలేదు?

మీరు కొన్న రెండో కారు ఏ రంగు?

వదిన


ఇంటి నుంచి,
శనివారం

వదినగారికి,

లేని కారుకి ఏ రంగు వేయమంటారు?

రెండో కారు లేదు, ట్రైలరూ లేదు. నాకు డ్రైవింగ్ ఇబ్బంది ఎప్పుడూ లేదు. మీ ఉత్తరం భోజనాల బల్ల మీద పెట్టి మీ తమ్ముణ్ణి చదవమన్నాను. చదివి, "అక్క మరిచిపోయి ఉంటుంది," అన్నారు. కాసేపాగి, "షాపు పేరు పోతుందని భయపడి ఇలా రాసింది," అన్నారు. తర్వాత అన్నం సగంలో వదిలేసి లేచారు. తప్పు దొరికినవాళ్ళకే మా ఇంట్లో అలక.

మీరు అడిగిన దానికి నా జవాబు. ఎందుకు ఊరుకున్నానంటే, పెళ్ళైనప్పటి నుంచీ ఈ ఇంట్లో కార్ల విషయంలో చివరి మాట మీది. "అక్క చెప్పింది" అన్నాక నేను నోరెత్తితే, మెకానిక్కులతో వాదించే కళ్ళద్దాలమ్మాయిని అవుతాను. ఇంతకుముందు ఒకసారి అయ్యాను కూడా, మీ ముందే, మీరూ నవ్వారు. ఇప్పుడొచ్చి నోరు లేదా అంటున్నారు.

మీరు మీ ఉత్తరంలో ఆయన్ని "తమ్ముడు" అన్నారు. అలాగే ఉంచుకోండి. నేనూ ఇకనుంచి ఆయన్ని "మీ తమ్ముడు" అనే రాస్తాను.

పందేలు మానమని మాత్రం నేను అడగను. ఆ ఇంజను రన్‌వే చివర గొంతెత్తితే నా ఒళ్ళు కూడా పులకరిస్తుంది. ఈ మనిషిని నేను చేసుకున్నదే ఆ రన్‌వే కంచె పక్కన నిలబడి చూసి. కారు ఆదివారం పరుగెత్తాలి, సోమవారం పిల్లని బడికి దింపాలి. అలాంటి సామాను ఉందా, లేదా? ఉంటే పంపండి. లేదంటే లేదని రాయండి, నా ఏర్పాటు నేను చేసుకుంటాను.

బుజ్జిదాని అమ్మ


షాపు నుంచి,
బుధవారం

మరదలికి,

ఉంది. పంపుతున్నాను. లారీ పార్సిల్లో పెద్ద పెట్టె వస్తుంది, నీ పేరు మీద వేశాను.

నవ్వానన్నావు. నవ్వే ఉంటాను. అది నాకు గుర్తు లేకపోవడం ఇంకా తప్పు. దాని గురించి ఇంతకన్నా రాయను.

పెట్టెలో ఏముందో, ఎందుకుందో నీకే చెబుతున్నాను, వాడికి కాదు. ముందుకి మధ్యరకం స్ప్రింగులు: ముక్కు లేస్తుంది, కానీ బ్రేకు వేస్తే కూలబడదు. షాకులు నాలుగూ మీట ఉన్నవి. మీట ఎడమకి తిప్పితే పందేనికి వదులవుతాయి, కుడికి తిప్పితే రోడ్డుకి బిగుస్తాయి. ఆ మీట నువ్వు కూడా తిప్పగలవు, చక్రం వెనక చెయ్యి పెడితే తగులుతుంది. వెనక ఆర్మ్‌లకి ఇరుసు వైపు ఇనుప జాయింటు, బాడీ వైపు రబ్బరు. రెండువైపులా ఇనుమైతే గుంతలో పడ్డ ప్రతి దెబ్బా బాడీ అతుకు మీద పడుతుంది, ఏదో ఒక రోజు అతుకే ఊడుతుంది. తీసేసిన ముందు కడ్డీ తిరిగి బిగించాలి, ఇందులో బేరం లేదు. రబ్బరు ఉన్న బోల్టుల్ని కారు నేల మీద నిలబడి ఉన్నప్పుడే చివరిసారి బిగించమను. గాల్లో లేపి బిగిస్తే, దించినప్పుడు రబ్బరు మెలిపడి చిరుగుతుంది.

ఈ సామానుతో పందెంలో మొదటి దూకు కొంచెం తగ్గుతుంది. కొంచెమే. ఆ కొంచెం కోసమే వాడు ఇంత అబద్ధం ఆడాడు, కాబట్టి ఈ పెట్టె చూసి వాడు ఎగిరి గంతెయ్యడు. నేను ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తడం లేదు. షాపు పేరు కోసం అబద్ధం రాశానట. నేను వేలు పట్టి నడిపించినవాడు నన్ను అనాల్సిన మాటేనా అది.

సామాను మారేదాకా బుజ్జిది ఆ కారు ఎక్కకూడదు.

వదిన


కళ్ళద్దాల దుకాణం నుంచి,
మధ్యాహ్నం

వదినగారికి,

మీ పెట్టె వచ్చి నెల దాటింది. మీకు ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం, అది బిగించారనే నేను నమ్మాను. మీ తమ్ముడు కారు కింద దూరి ఒక రోజంతా గడిపారు, చేతులు నల్లగా చేసుకుని వచ్చారు, "ఇక నీ ఇష్టం, ఎక్కడికైనా తిప్పుకో," అన్నారు. స్పీడ్ బ్రేకరు దగ్గర తేడా లేదంటే కొత్త సామాను నలగాలన్నారు. బుజ్జిదాన్ని మాత్రం నేను బస్సులోనే తీసుకెళ్తున్నాను. ఎందుకో మనసొప్పలేదు.

ఇవాళ దుకాణానికి ఒకావిడ కళ్ళు చూపించుకోవడానికి వచ్చింది. పందెంలో మీ తమ్ముడి పక్క లైనులో నిలబడే ట్యాంకర్ల కాంట్రాక్టరు భార్య. వాళ్ళకి పందెం కారు వేరు, ఇంటి కారు వేరు. నన్ను గుర్తుపట్టి మురిసిపోయింది. "మీవారు ఇచ్చిన స్ప్రింగులూ షాకులూ మా ఇంటి కారుకి వేయించాం, తివాచీ మీద పోతున్నట్టుంది," అంది. బదులుగా వాళ్ళాయన మీ తమ్ముడికి పందెం టైర్ల జత ఇచ్చాడట, మెత్తటివి, నేలని పట్టుకునేవి.

అద్దం చెక్కే యంత్రం ముందు కూర్చుని అంచులు ఎక్కువ చెక్కేశాను. ఆవిడ అద్దాలు మళ్ళీ చెయ్యాలి.

మీరు నా కూతురి కోసం ఏరి పంపినవాటి మీద ఎవరి పిల్లలో హాయిగా తిరుగుతున్నారు. వెంటనే ఫోను చేసి అడిగితే మీ తమ్ముడు ఏమన్నాడో తెలుసా? "ఫైనల్సు అయ్యేదాకా ఆగు. గెలిచాక అన్నీ మార్చేస్తా." అన్నాడు అనే రాస్తున్నాను. అన్నారు అని రాసే ఓపిక అయిపోయింది.

బుజ్జిదాని అమ్మ


షాపు నుంచి,
అదే వారం

మరదలికి,

కారు కింద పడుకుని చూడమను. వెనక ఆర్మ్ బాడీకి అతికే చోట, పెయింటు మీద వెంట్రుకలా గీత కనిపిస్తే అది గీత కాదు, పగులు. ఇన్ని నెలలు రోడ్డు మీద తిరిగాక పగులు లేకపోతేనే నేను ఆశ్చర్యపోతాను. వాడు చూశానంటే నమ్మకు. వేరే మెకానిక్కుని పిలిచి చూపించు.

కారు తాళాలు తీసి నీ దగ్గర పెట్టుకో. వచ్చే సోమవారం షాపు మూసి నేనే వస్తున్నాను. వాడితో నాకు మాటలేమీ లేవు. చెయ్యాల్సిన పని ఉంది.

వదిన


ఆస్పత్రి వరండా నుంచి,
ఆదివారం

వదినగారికి,

బుజ్జిది బాగానే ఉంది. ఇదే మొదట రాస్తున్నాను, చదువుతూ మీరు భయపడకూడదని. భుజం మీద బెల్టు వాత తేలింది, అంతే.

తాళాలు తీసి పెట్టుకున్నాను. ఆయన దగ్గర ఇంకో జత ఉంది. ఇవాళ దుకాణంలో సరుకు లెక్క, నేను వెళ్ళక తప్పలేదు. బుజ్జిదాన్ని ఇంట్లో తండ్రి దగ్గర వదిలాను. తండ్రి దగ్గరే కదా వదిలాను, వదినా.

దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఫైనల్సుకి వెళ్ళాడు. కంచె అవతల ఎవరి పక్కనో నిలబెట్టి పందెం తోలాడు. గెలిచాడు కూడా. కప్పు దాని ఒళ్ళో పెట్టి తిరిగొస్తున్నాడు. వంతెన దిగే చోట గుంతలో పడగానే వెనక ఏదో ఫట్‌మందట. మీరు రాసిన అతుకే, ఊడిపోయింది. ఆర్మ్ వేలాడింది, వెనక ఇరుసు మెలి తిరిగింది, కారు గిర్రున తిరిగి వంతెన గోడని గుద్దుకుంది. గోడ ఆపింది. గోడ అవతల ఏముందో మీకు తెలుసు.

ఆయనకి భుజం ఎముకా, మణికట్టూ విరిగాయి. నేను వచ్చేసరికి బుజ్జిది నర్సు పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి రాలేదు. పిలిస్తే తల తిప్పింది కానీ మాట రాలేదు. ఇప్పటికీ మాట్లాడటం లేదు. డాక్టరు, భయం తగ్గితే అదే మాట్లాడుతుంది, వేధించకండి అన్నాడు.

లోపలికి వెళ్ళి మీ తమ్ముడి మంచం పక్కన నిలబడ్డాను. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. బుజ్జిది ఎలా ఉందని అడుగుతాడనుకున్నాను.

"అక్కకి చెప్పకు," అన్నాడు.

అందుకే వరండాలోకి వచ్చి మీకే రాస్తున్నాను. ఇది అందేసరికి మీరే ఇక్కడ ఉంటారేమో. అయినా రాయకపోతే ఈ చేతులు ఇంకేదో చేసేలా ఉన్నాయి.

మరదలు


షాపు వెనక గది నుంచి,
మంగళవారం

మరదలికి,

ఆస్పత్రిలో ఉన్న రోజులన్నీ మంచానికి తల వైపు నేను, కాళ్ళ వైపు నువ్వు. మనం మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఆ గదిలో ఎవరో ఒకరు పగిలేవాళ్ళు.

నిన్న కట్టు చేతితో బస్సు దిగి వాడు షాపుకి వచ్చాడు. ఇంటి తలుపు నువ్వు తియ్యలేదని చెప్పాడు. మంచి పని చేశావు. గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చోమన్నాను. ఉన్న గిరాకీలందరి పనీ అయ్యాకే వాడి వైపు తిరిగాను.

ఎందుకు చేశావురా అని అడిగాను. పక్క లైను కాంట్రాక్టరు కారు కింద మన షాపు ముద్ర చూశాడట. పందెం సామాను మొత్తం నా దగ్గరే కొన్నాడు ఆయన, అప్పటిదాకా వాడికి అది తెలియదు. "ఎవరికో అన్నీ ఇస్తావు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ మెత్తటిది, జాగ్రత్తది. నేను అడిగితే ఇవ్వవని తెలిసే అబద్ధం ఆడాను," అన్నాడు.

"వాళ్ళు ఎవరో నాకు తెలియదు, అందుకే ఇచ్చాను. నువ్వు తెలుసు," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే నచ్చలేదు. తెలియనివాడి కారులో కూడా ఎవరో ఒకరి బుజ్జిది కూర్చుంటుంది కదా. రోడ్డెక్కదని తమ్ముడు చెబితే నమ్మి ఇచ్చాను. ఇంకా ఎంతమంది చెబితే నమ్మానో. ఇకనుంచి బండి తెచ్చి నా కళ్ళ ముందు నిలబెట్టందే ఇనుప జాయింటు ఒక్కటి కూడా ఈ గుమ్మం దాటదు. గిరాకీ పోతే పోనీ.

పందేలు మానేస్తానని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. "నీ కూతురు మాట్లాడటం మానేసింది. నువ్వు మానేసే పందేలు ఎవరిక్కావాలి?" అన్నాను. వెనక గదిలో చాప వేశాను, అక్కడే ఉన్నాడు. అన్నం పెడుతున్నాను. అంతకుమించి ఏమీ పెట్టడం లేదు.

కారు పోలీసులు వదిలారటగా. బాగు చేయించవచ్చా అని అడుగుతున్నాడు, నీకు రాయమన్నాడు. రాశాను. నా అభిప్రాయం అడక్కు. ఈసారి చివరి మాట నాది కాదు.

బుజ్జిది ఏమైనా అందా?

వదిన


ఇంటి నుంచి,
ఆదివారం

వదినా,

అంది. మొన్న బడి నుంచి నడిచి వస్తుంటే, చెప్పులో రాయి పడిందని అంది. రోడ్డు మధ్యలో కూర్చుని దాని చెప్పు విప్పి దులిపాను. రాయి లేదు. అయినా ఉందనే చెప్పి, తీసి పారేసినట్టు చేశాను.

కారు సంగతి. అది నా పేరు మీద ఉంది. పెళ్ళయ్యాక మురిపెంగా ఆయనే నా పేరు మీదికి మార్పించాడు. తుక్కు యార్డుకి ఇచ్చేశాను. పార్టులుగా అమ్ముతామన్నారు, వద్దన్నాను. ఆ వెనక ఆర్మ్‌లు ఇంకొకరి బండి కిందికి వెళ్ళకూడదు. నా ఎదుటే కోసేయాలని పట్టుబట్టాను. ఎప్పుడు కోస్తారో మీ తమ్ముడికి కబురు చేశాను. మీకు చెప్పే బస్సెక్కి ఉంటాడు.

గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను పిలవలేదు. తానే వచ్చి, నాకు కాస్త ఎడంగా నిలబడ్డాడు. గ్యాసు మంట ముందుగా పైకప్పు మీద పెట్టారు. పైకప్పు లేచింది, తలుపులు పోయాయి, వెనక సీటు బయటికి లాగి మట్టిలో పడేశారు. తర్వాత ఇంజను గొలుసుకి కట్టి పైకి లేపారు. అది గాల్లో వేలాడుతూ నెమ్మదిగా ఇటు తిరిగింది. కంచె పక్కన నిలబడి మొదటిసారి దాని గొంతు విన్నప్పుడు నాకు పాతికేళ్ళు కూడా లేవు.

ఆయన ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. ఏడ్చింది నేను. సిగ్గు లేకుండా, యార్డు పనివాళ్ళందరి ముందు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆయన మంచి చెయ్యి చాచి నా భుజం మీద వేయబోయాడు. పక్కకి జరిగాను. "నన్ను ఓదార్చే పని నీది కాదు," అన్నాను. చెయ్యి దించుకున్నాడు. పూర్తయ్యేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. తర్వాత ఆయన మీ ఊరి బస్సెక్కాడు, నేను మా ఇంటి దారి పట్టాను.

నా కోపం తగ్గలేదు. ఎప్పటికి తగ్గుతుందో తెలియదు. తగ్గిందా అని అడుగుతూ ఆయనతో ఉత్తరాలు రాయించకండి. ఆయన తరఫున మీరూ రాయకండి. ఆయన చాప అక్కడే ఉండనివ్వండి.

మీరు మాత్రం రండి. బుజ్జిది మిమ్మల్ని అడిగింది. నేనూ అడుగుతున్నాను.

మీ మరదలు